ఒత్తుకి చోటివ్వు, అమ్మడూ

అమ్మడూ,

అమీర్‌పేటలో కోర్సుకి చేరిన వారంలోనే నోట్‌బుక్ నిండా డిజైన్ పదాలు రాసేశావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వాటిని ఎక్కాల్లా బట్టీ పట్టకు. ఏ పదం ఎవరి అవస్థ తీర్చడానికి పుట్టిందో చూసుకో, ఇక మరిచిపోవు.

లెడింగ్‌తో మొదలుపెట్టు. లోహపు అక్షరాలు పేర్చి అచ్చువేసే రోజుల్లో వరసకీ వరసకీ మధ్య సీసం పట్టీలు పెట్టేవారు. సీసాన్ని ఇంగ్లీషులో లెడ్ అంటారు కదా, ఆ పేరే ఉండిపోయింది. మీ వెబ్‌వాళ్లు లైన్ హైట్ అనేది దాదాపు ఇదే. తెలుగుకి ఇది ప్రాణం. ‘రాష్ట్రం’ అని కొట్టి, సరిగ్గా దాని కింద ‘కీర్తి’ వచ్చేలా చూడు. ఇంగ్లీషుకి సరిపోయే ఎడమే ఉంచావంటే పైనున్న టావత్తు, రావత్తు దిగొచ్చి కింది వరసలోని గుడుల మీద కూర్చుంటాయి. పాయింటంటే అచ్చులో అక్షరం సైజుకీ, లెడింగ్‌కీ వాడే కొలత. 12 పాయింట్ల తెలుగుకి నేను 18 పాయింట్ల కంటే తక్కువ లెడింగ్ ఇవ్వను. చోటు చాలదంటే మాటలు తగ్గించమంటాను.

రెండక్షరాల మధ్య సందు సర్దితే కెర్నింగ్, వరస మొత్తాన్ని వదులో బిగువో చేస్తే ట్రాకింగ్. అంతే.

బ్లీడ్ నాకు నష్టపోయాక తెలిసింది. చిక్కడపల్లిలో షాపు పెట్టిన కొత్తలో ఓ పెళ్లికార్డుకి అంచుదాకా పసుపు వేసి, కార్డు కొలతకే ఫైలు ఇచ్చేశాను. కటింగ్‌లో వెంట్రుకవాసి జరిగింది. ప్రతి కార్డుకీ ఒక పక్క తెల్లగీత! ముహూర్తం దగ్గరపడింది, ఆ ఇంటివాళ్ల మొహాలు చూడలేకపోయాను. మళ్లీ నా ఖర్చుతోనే వేయించాను. రంగు అంచు దాటి నాలుగువైపులా 3 మిల్లీమీటర్లు పోనివ్వు. ఆ అదనపు రంగే బ్లీడ్.

యూఐ (యూజర్ ఇంటర్‌ఫేస్, అంటే కంటికి కనబడేది), యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్, అంటే వాడేవాళ్ల అనుభవం) తేడా కావాలంటే అమీర్‌పేట మెట్రో స్టేషన్లో కాసేపు నిలబడు. రెడ్ లైన్ దిగి రాయదుర్గం వెళ్లే బ్లూ లైన్ పట్టుకోవాల్సిన పెద్దాయన్ని గమనించు. బోర్డు మీది రంగు, అక్షరం, బాణం యూఐలాంటివి. ఎవర్నీ అడగకుండా ప్లాట్‌ఫాం చేరాడా, మెట్ల దగ్గర తటపటాయించాడా, అదంతా యూఎక్స్.

తెల్లతెర మీద లేత బూడిదరంగు అక్షరాలు బావున్నాయని మురిసిపోకు. మామూలు సైజు అక్షరానికీ వెనకరంగుకీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. లెక్క చూశాక ఫోన్ అమ్మమ్మ చేతికిచ్చి, మధ్యాహ్నం ఎండలో బాల్కనీలో చదివించు.

ఆదివారం షాపుకి రా. ఆ ‘రాష్ట్రం’, ‘కీర్తి’ వరసల్నీ 14, 16, 18 లెడింగ్‌తో ప్రింట్లు తీద్దాం. నోట్‌బుక్ తెచ్చుకో.

మీ మామయ్య