నెబ్రాస్కాలోని హోమ్‌స్టెడ్ మ్యూజియం చూడదగ్గదేనా?

తప్పకుండా చూడండి. బియాట్రిస్ ఊరికి దగ్గర్లోనే ఉంటుంది, టికెట్ లేదు. 1862లో లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం కథ అక్కడ చెబుతారు. 160 ఎకరాల దాకా ప్రభుత్వ భూమి తీసుకుని, ఇల్లు కట్టుకుని, ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే పట్టా ఇచ్చేవారు. మన అసైన్డ్ భూముల సంగతి తెలిసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాకపోతే వాళ్లు పట్టా చేతికొచ్చాక అమ్ముకోవచ్చు. అలా పంచినది సుమారు 27 కోట్ల ఎకరాలు!

1867 నాటి చెక్క ఇల్లు చూడకుండా రాకండి. అంత చిన్న ఇంట్లో పిల్లాపాపలతో నెబ్రాస్కా చలికాలం ఎలా గడిపారో అనిపిస్తుంది. అయితే అది ఎవరూ లేని భూమి కాదు. ఓటో-మిజోరియా లాంటి తెగలవాళ్లు అంతకుముందు అక్కడ బతికారు. వాళ్లు పోగొట్టుకున్నదాని గురించి రాసిన బోర్డుల దగ్గర కాసేపు ఆగి చదవండి.