టెక్ సందేహాలు: కార్డు పెడితే సిస్టమే లేవడం లేదు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకదానికొకటి చుట్టాల్లా ఉన్నాయి. అందరూ ఇంట్లో మూలన పడున్న పాత కంప్యూటర్‌ను ఫైల్ సర్వర్‌గా మార్చుకుంటున్నవాళ్లే. నలుగురికి డిస్కులు తగిలించుకునే కంట్రోలర్ కార్డు దగ్గరే బండి ఆగింది, ఐదో ఆయనకు కరెంటు దగ్గర. ఫోన్ హ్యాంగవుతోందని రాసినవాళ్లు ఒక్క వారం ఓపిక పట్టండి, ముందు వీళ్ల పని చూద్దాం.

రాజాం నుంచి, పెళ్లి వీడియోలు తీసే పాఠకుడు: నాలుగో తరం ఐ5 సిస్టమ్‌లో ఓపెన్ మీడియా వాల్ట్ అనే లినక్స్ ఫైల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసి వాడుతున్నాను. బోర్డు మీద డిస్కులు తగిలించే సాటా పోర్టులు నాలుగే, నాలుగూ నిండిపోయాయి. ఇంకో నాలుగు డిస్కులు తగిలిద్దామని సెకండ్ హ్యాండ్‌లో డెల్ పెర్క్ హెచ్310 కార్డు మూడు వేలకు కొన్నాను. కార్డు పెడితే ఫ్యాన్లు తిరుగుతాయి కానీ తెర మీద ఏమీ రాదు. తీసేస్తే మామూలే. అమ్మినతను కార్డు బ్రహ్మాండంగా ఉందంటాడు. అబద్ధమా?

అబద్ధం కాకపోవచ్చు. కార్డూ బాగానే ఉండొచ్చు, మీ బోర్డూ బాగానే ఉంది. ఇద్దరికీ మాట కలవడం లేదంతే.

ఇది సర్వర్ల కోసం తయారైన కార్డు. పేరు డెల్‌దే అయినా లోపలి చిప్ ఎల్‌ఎస్‌ఐ వాళ్ల సాస్2008. ఐబీఎం ఎం1015లోనూ, ఎల్‌ఎస్‌ఐ సొంత 9211-8ఐలోనూ ఉన్నది ఇదే. (ఎల్‌ఎస్‌ఐని 2014లో అవాగో కొంది. ఆ అవాగో 2016లో బ్రాడ్‌కామ్‌ను కొని ఆ పేరే పెట్టుకుంది. కార్డు లోపలి సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్ కోసం వెతికేటప్పుడు ఈ మూడు పేర్లూ తగిలితే కంగారు పడకండి.)

పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో డేటా దారులతో పాటు ఎస్‌ఎంబస్ అని రెండు చిన్న దారులు కూడా ఉంటాయి. సర్వర్లలో కార్డు తన బాగోగులు బోర్డుకు చెప్పుకునేది వాటి మీదే. డెస్క్‌టాప్ బోర్డులు ర్యామ్ వివరాలు చదువుకునేదీ ఎస్‌ఎంబస్ మీదే. ఈ కార్డు మధ్యలో దూరి మాట్లాడేసరికి కొన్ని ఇంటెల్ బోర్డులు ర్యామ్ దగ్గరే ఆగిపోతాయి. అందుకే మీకు సిస్టమ్ లేవగానే కనిపించే బయోస్ తెర కూడా రావడం లేదు.

మందు చవకే. ఆ రెండు పిన్నులకు టేపు వేయాలి. మొబైల్ రిపేర్ షాపులో వేడి తగలకుండా చిప్‌ల చుట్టూ అంటించే బంగారు రంగు టేపు ఉంటుంది, కాప్టన్ టేపు. జానెడు ముక్క అడిగితే ఇస్తారు, నేనైతే టీ డబ్బులిచ్చి తెచ్చుకున్నాను. కార్డును చిప్‌లు మీకు కనిపించేలా పట్టుకోండి. స్క్రూ బిగించే ఇనప పట్టీ ఉంది చూడండి, ఆ వైపు నుంచి బంగారు పిన్నులు లెక్కపెట్టండి. ఐదు, ఆరు. మొదటి పదకొండు పిన్నుల తర్వాత ఒక గంటు వస్తుంది. గంటు దాటి లెక్కపెడుతున్నారంటే దారి తప్పినట్టే. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం ఒక మిల్లీమీటరు, అంటే టేపు వెడల్పు రెండు మిల్లీమీటర్లు మించకూడదు. కొత్త బ్లేడుతో కోసి, ట్వీజర్‌తో అంటించి, గోటితో రుద్దండి. స్లాట్‌లోకి దించేటప్పుడు టేపు ముడుచుకుని పైకి జరుగుతుంది, నాకు రెండుసార్లు అలాగే అయింది. టేపు కింది అంచుకు సరిగ్గా ఆగకుండా చూసుకోండి, కొంచెం వెనక్కి మడిచి అంటిస్తే కదలదు.

తెర వచ్చాక సగం పనే అయినట్టు. హెచ్310 పుట్టుకతో రెయిడ్ కార్డు, అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా చూపించే రకం. డిస్కులకూ మీ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య పెద్దమనిషిలా కూర్చుంటుంది. పైగా డెల్ ఫర్మ్‌వేర్‌తో దీని క్యూ, అంటే ఒకేసారి వరసలో పెట్టుకోగల పనులు, 25 దగ్గరే ఆగిపోతుంది, ఎల్‌ఎస్‌ఐ ఫర్మ్‌వేర్‌తో 600. ఇంటి సర్వర్‌లో మనకు తెలివైన కార్డు అక్కర్లేదు. డిస్కును ఉన్నదున్నట్టు లినక్స్‌కు అప్పగించి పక్కకు తప్పుకునే కార్డు కావాలి. దాన్నే ఐటీ మోడ్ అంటారు. ఈ ఐటీ హైదరాబాద్ ఉద్యోగమూ కాదు, ఆదాయపు పన్నూ కాదు, ఇనీషియేటర్ టార్గెట్. రేపు కార్డు కాలిపోయినా అదే డిస్కులు ఇంకో కార్డుకు తగిలిస్తే డేటా తెరుచుకుంటుంది. రెయిడ్ కార్డైతే మళ్లీ ఆ జాతి కార్డు కోసమే వెతుక్కోవాలి.

మార్చే పద్ధతి ఇదీ. ముందు డిస్కుల కేబుళ్లన్నీ తీసేయండి. కార్డు మీది స్టిక్కర్‌లో 16 అక్షరాల సాస్ అడ్రస్, అంటే కార్డు గుర్తింపు నంబరు ఉంటుంది, కాగితం మీద రాసి పెట్టుకోండి, చివర్లో తిరిగి రాయాలి. ఫ్రీడాస్ (పాత డాస్ లాంటి ఉచిత సిస్టమ్) పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి మెగారెక్ అనే టూల్‌తో పాత ఫర్మ్‌వేర్ తుడిచి, రీస్టార్ట్ చేసి, సాస్2ఫ్లాష్‌తో కొత్తది ఎక్కించాలి. డాస్‌లో సాస్2ఫ్లాష్ ‘పాల్ ఇనీషియలైజ్ కాలేదు’ అని చెప్పి బయటికొచ్చేస్తే తప్పు మీది కాదు. యూఈఎఫ్ఐ అనే కొత్త రకం బయోస్ ఉన్న బోర్డుల్లో అది మామూలే, అదే టూల్‌ను ఈఎఫ్ఐ షెల్ అనే దాని కమాండ్ తెర నుంచి నడపండి. ఫర్మ్‌వేర్ 20.00.07.00 తీసుకోండి. అదే వరసలో మొదట వచ్చిన 20.00.00.00 చాలామందిని ఏడిపించింది. ఈ డిస్కుల నుంచి బూట్ చేయరు కాబట్టి బూట్ రోమ్ ఎక్కించనక్కర్లేదు, సిస్టమ్ కూడా త్వరగా లేస్తుంది.

ఫర్మ్‌వేర్ రాస్తున్నప్పుడు కరెంటు పోకూడదు. ఈ ముక్క అనుభవంతో చెబుతున్నాను. సిరిమానోత్సవం ముందు రోజు, ఇంటినిండా చుట్టాలు, యూపీఎస్ బ్యాటరీ చచ్చి నెలైంది, ‘రెండు నిమిషాల పనేగా’ అనుకున్నాను. పాతది తుడిచాను, కొత్తది సగం ఎక్కింది, ఫ్యాన్ ఆగింది. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది. ఇదంతా టెన్షన్ అనుకుంటే ఐటీ మోడ్‌లోకి మార్చి అమ్మే కార్డులే దొరుకుతాయి. నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే తీసుకోమంటాను.

పని అయిందో లేదో తెలుసుకోవాలంటే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కు హైఫన్ కె తగిలించి కొట్టండి. డ్రైవర్ దగ్గర ఇంతకు ముందు మెగారెయిడ్ సాస్ అని ఉండేది, ఇప్పుడు ఎంపీటీ3సాస్ అని రావాలి.

కార్డును గ్రాఫిక్స్ కార్డు పెట్టే పొడుగు స్లాట్‌లోనే పెట్టండి. మీ ఐ5లోనే డిస్‌ప్లే ఉంది కాబట్టి ఆ స్లాట్ ఖాళీయే. దాంట్లో నాలుగు లేన్లే, అంటే డేటా దారులే, దొరికినా దిగులొద్దు. పీసీఐ 2.0లో లేన్‌కు సెకనుకు 500 ఎంబీ, నాలుగిటికి 2000. మీ నాలుగు డిస్కులూ తలా 200 లాగినా 800. అసలు గిగాబిట్ నెట్‌వర్క్‌లో 120 దాటి ఎటూ రాదు.

అన్నట్టు, సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే డబ్బా, ఎస్‌ఎంపీఎస్ చూసుకోండి. హార్డ్ డిస్కు తిరగడం మొదలెట్టే ఆ కొన్ని సెకన్లు 12 వోల్టుల మీద రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. ఎనిమిది డిస్కులంటే ఒక్కసారిగా 190 వాట్లు. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని రాసుంటుంది, దాన్ని నమ్మి ఎనిమిది డిస్కులు తగిలించకండి.

విజయనగరం నుంచి, సంగీతం మాస్టారు: నాన్నగారి హరికథల క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. వాటి కోసం 9211-8ఐ కార్డు, ఐటీ మోడ్‌లో ఉన్నదే కొన్నాను. లినక్స్‌కు కార్డు కనిపిస్తోంది, ఒక్క డిస్కూ కనిపించడం లేదు. మూడు డిస్కులు బోర్డుకు తగిలిస్తే బాగానే పనిచేస్తున్నాయి. నాలుగోది ఎక్స్‌టర్నల్ డిస్కు డబ్బా విప్పి తీసింది, అది ఎక్కడ పెట్టినా తిరగడమే లేదు.

హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు సంగీత కళాశాల ప్రిన్సిపాల్‌గా చేసిన ఊళ్లో హరికథల క్యాసెట్లు బయటపడకపోతే ఆశ్చర్యం గానీ! భద్రం చేస్తున్నందుకు సంతోషం మాస్టారూ. మీకున్నవి రెండు వేర్వేరు జబ్బులు.

మొదటిది కేబుల్. ఒక వైపు వెడల్పాటి మినీ సాస్ ప్లగ్గు, రెండో వైపు నాలుగు సాటా ప్లగ్గులు ఉన్న కేబుల్ కొని ఉంటారు. దాంట్లో రెండు రకాలు. కార్డు నుంచి డిస్కులకు వెళ్లేది ఫార్వర్డ్ బ్రేకౌట్. బోర్డు సాటా పోర్టుల నుంచి సర్వర్ డబ్బా వెనక పలకకు వెళ్లేది రివర్స్ బ్రేకౌట్. చూడ్డానికి కవలలే, రెండూ ప్లగ్గులో ‘టిక్’ మని కూర్చుంటాయి, లోపల తీగలు మాత్రం వేరు. రివర్స్ తగిలిస్తే ఏదీ కాలదు, ఎర్రర్ కూడా రాదు, డిస్కులు లేనట్టే ఉంటుంది. మీ లక్షణాలు అచ్చం అవే. బిల్లులో ఏమని ఉందో చూడండి. ‘ఫార్వర్డ్’ అన్న మాట లేకపోతే, ఆ మాట రాసున్న కేబుల్ ఒకటి తెప్పించండి. కార్డుకు తిట్లు తినిపించే కేసుల్లో సగం ఈ కేబులే అని నా లెక్క.

రెండోది ఆ డబ్బాలోంచి తీసిన డిస్కు. కొత్త సాటా ప్రమాణంలో పవర్ ప్లగ్గు మూడో పిన్నుకు కొత్త పని ఇచ్చారు. అక్కడ 3.3 వోల్టులు కనిపిస్తే ‘ఆగిపో’ అని అర్థం. పాత ఎస్‌ఎంపీఎస్‌లు ఆ పిన్నుకు ఎప్పుడూ 3.3 ఇస్తూనే ఉంటాయి, డిస్కు బుద్ధిగా ఆగిపోతుంది. డిస్కు మీది ఆ పిన్నుకు మళ్లీ అదే కాప్టన్ టేపు. లేదా పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చే కన్వర్టర్ వాడండి, దాంట్లో 3.3 తీగే ఉండదు. అయితే ప్లాస్టిక్ పోతపోసినట్టుండే చవక కన్వర్టర్లు లోపల తీగలు కలిసిపోయి కాలిన సందర్భాలున్నాయి. ప్లగ్గు వెనక మూత తీస్తే తీగలు విడివిడిగా నొక్కి కనిపించే రకం కొనండి.

బొబ్బిలి నుంచి: నాకు రెండు పోర్టులు పెరిగితే చాలు. సర్వర్ కార్డులూ, ఫర్మ్‌వేర్ మార్చడాలూ, ఇంత కథ అవసరమా?

అక్కర్లేదు. ఏఎస్‌ఎం1166 చిప్ ఉన్న ఆరు పోర్టుల సాటా కార్డు తెచ్చుకోండి. ఫర్మ్‌వేర్ మార్చడమూ లేదు, ప్రత్యేకం కేబుళ్లూ లేవు, కరెంటు కూడా తక్కువే లాగుతుంది. ఒక్క లేన్ స్లాట్‌లో దూరే చిన్న కార్డు మీద పది, పదహారు పోర్టులు కనిపిస్తే మాత్రం దణ్ణం పెట్టి వచ్చేయండి. ఒక పోర్టునే మల్టిప్లయర్‌తో పంచి పెడతారు, ఒక డిస్కు మొరాయిస్తే పక్కవి కూడా మాయమవుతాయి.

పాలకొండ నుంచి: కార్డు, డిస్కులు అన్నీ పనిచేస్తున్నాయి. పెద్ద ఫైళ్లు గంటసేపు కాపీ చేస్తే డిస్కులు ఒక్కొక్కటే కనిపించకుండా పోతాయి. మధ్యాహ్నం పూట ఎక్కువ. కాసేపు ఆపి ఆన్ చేస్తే మళ్లీ వస్తాయి.

‘మధ్యాహ్నం పూట’ అని మీరే జబ్బు చెప్పేశారు. ఈ కార్డులు సర్వర్‌లో హోరుమని వీచే గాలికి అలవాటు పడినవి. మన క్యాబినెట్‌లో, అదీ మే నెలలో, ఉక్కిరిబిక్కిరవుతాయి. మీద ఉన్న అల్యూమినియం హీట్ సింక్‌ను వేలితో తాకి రెండు సెకన్లు ఉంచలేకపోతే అదే కారణం. 40 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాను ఒకటి దానికి జిప్ టైతో కట్టండి. పాత కార్డైతే హీట్ సింక్ కింద పేస్టు ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది, తుడిచి కొత్తది రాయండి.

అయినా తగ్గకపోతే డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ రిపోర్టు చూడండి. 199 నంబరు విలువ పెరుగుతూ ఉంటే కేబుల్ మార్చండి. 5, 197 నంబర్లు పెరుగుతుంటే కార్డును వదిలేసి ఆ డిస్కులో డేటా ముందు బయటికి తీయండి.

పలాస నుంచి, జీడిపప్పు వ్యాపారి: లెక్కలన్నీ ఇంటి సర్వర్‌లోనే ఉన్నాయి. రెండు డిస్కుల్లో ఒకేలా రాసుకుంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, యూపీఎస్ వేరే కొనాలా?

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటింది మీ పలాస దగ్గరే. ఇన్వర్టర్ ఎన్ని గంటలు వస్తుందో, కరెంటు ఎన్ని రోజులు రాకుండా ఉండగలదో నేను మీకు చెప్పాలా?

ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అది వేసి ఉంచితే కరెంటు పోయినప్పుడు సిస్టమ్ రీస్టార్ట్ కాకుండా నిలబడుతుంది. చిక్కల్లా, బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టర్ కంప్యూటర్‌కు చెప్పదు. ఫ్యాను నెమ్మదించడం మీరు చూస్తారు, సర్వర్ చూడలేదు. యూఎస్‌బీ పోర్టు ఉన్న చిన్న యూపీఎస్ కొని, ఆ కేబుల్ సర్వర్‌కు పెట్టి, నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేయండి. బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తాను పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. 600 వీఏ చాలు, దానికి ప్రింటర్ మాత్రం తగిలించకండి.

ఇక రెండు డిస్కుల్లో ఒకేలా రాసుకోవడం ఒక డిస్కు పోతే ఆదుకుంటుంది. ఇల్లు తడిస్తే రెండూ కలిసే తడుస్తాయి. పొరపాటున ఒక ఫైలు డిలీట్ చేస్తే రెండిట్లోనూ ఒకేసారి పోతుంది. మూడో డిస్కు ఒకటి కొని, లెక్కలన్నీ కాపీ చేసి, వేరే ఊళ్లో ఉన్న అబ్బాయి దగ్గరో అల్లుడి దగ్గరో పెట్టించండి. సంక్రాంతికి వాళ్లు వచ్చేటప్పుడు అది తెమ్మనండి, కొత్త కాపీ ఎక్కించి అరిసెల డబ్బాతో పాటు తిరిగి పంపండి. మళ్లీ అక్టోబరు గాలులు మొదలవక ముందే ఇంకోసారి.