కప్పల మీద పరిశోధన: బైపీసీ తర్వాత దారి

ప్రశ్న: మాది దేవరకొండ. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. నీట్ వద్దు, కప్పల ప్రవర్తన, పరిణామం మీద పరిశోధన చేస్తానంటోంది. అందులో బతుకుదెరువు ఉంటుందా? ఏ పరీక్ష రాయించాలి?

జవాబు: ఉంటుంది, కానీ ఆలస్యంగా. డిగ్రీ, పీజీ కలిపి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, ఐదారేళ్ల పీహెచ్‌డీ, ఆపై రెండు మూడేళ్ల పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం). పర్మనెంటు ఉద్యోగం చేతికొచ్చేసరికి వయసు ముప్పై దాటుతుంది. ఈ సంగతి ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. అలాగని పీహెచ్‌డీ అన్నేళ్లూ మీరే పోషించక్కర్లేదు. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు ఇస్తారు, ఇంటద్దె భత్యం వేరు. అదే నెట్‌తో డిగ్రీ కాలేజీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హత వస్తుంది. యూజీసీ స్కేలులో మూలవేతనం 57,700తో మొదలవుతుంది.

ముందు రాయించాల్సింది ఐసర్ ప్రవేశ పరీక్ష, ఐఏటీ. బీఎస్-ఎంఎస్ చెప్పే కేంద్ర ప్రభుత్వ సైన్స్ సంస్థలే ఐసర్లు. వాటిలో మీకు దగ్గరిది తిరుపతి ఐసర్. ఐఏటీలో 60 ప్రశ్నల్లో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ పదిహేనేసి. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. బైపీసీ పిల్లలు దెబ్బతినేది మ్యాథ్స్ దగ్గరే. 240లో 60 మార్కులు వదిలేసి సీటు ఆశించడం కష్టం. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి మ్యాథ్స్ పుస్తకం ఈ వారమే కొనివ్వండి. సెట్లు, ఫంక్షన్లు, ప్రాబబిలిటీతో మొదలుపెడితే భయం పోతుంది. అలాంటి సంస్థే అయిన భువనేశ్వర్ నైజర్‌లో చేరడానికి నెస్ట్ అనే పరీక్ష కూడా రాయించండి. అందులో మెరుగైన మూడు సబ్జెక్టుల మార్కులే లెక్కిస్తారు కాబట్టి బైపీసీ వాళ్లకు కొంత నయం.

రెండూ రాకపోయినా దారి మూసుకుపోదు. దోస్త్ (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) డిగ్రీలో చేరి, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియాలో ఎమ్మెస్సీ జువాలజీ చేయొచ్చు. పీజీ, పీహెచ్‌డీ ప్రవేశాలకు పనికొచ్చే గేట్ పరీక్షలో 'ఎకాలజీ అండ్ ఎవల్యూషన్' పేరుతో విడిగా పేపరే ఉంది. ఏ దారిన వెళ్లినా స్టాటిస్టిక్స్, ఆ లెక్కలు చేసే 'ఆర్' అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రామింగ్ నేర్చుకోవాల్సిందే. మ్యాథ్స్ గురించి ఇంతగా పట్టుబట్టడం అందుకే.

అసలు పని ఎలా ఉంటుందో అమ్మాయికి తెలియాలి. పనామాలో టుంగారా అనే చిన్న కప్ప ఉంది. మగది సాగదీసి కూసి, చివర 'చక్' అనే ముక్క తగిలిస్తే ఆడకప్ప అటే మొగ్గుతుంది. కప్పల్ని తినే గబ్బిలం కూడా ఆ కూత విని అటే వస్తుంది! మైకేల్ రయన్, మెర్లిన్ టటిల్ అనే శాస్త్రవేత్తలు 1980ల్లో స్పీకర్లలో కూతలు వినిపించి ఈ సంగతి తేల్చారు. ఆడకప్ప ఇష్టం ఒకవైపు, గబ్బిలం ముప్పు ఇంకోవైపు లాగితే కూత తరతరాలకూ ఎలా మారుతుందన్నది పరిణామ ప్రశ్న. ఇలాంటి ప్రశ్న మీద ఏళ్ల తరబడి రాత్రుళ్లు నీటి ఒడ్డున కూర్చునే ఓపిక ఉందా అన్నది అమ్మాయి తనంతట తానే చూసుకోవాలి.

దానికి మృగశిర వానలు చాలు. ఊరి కుంట గట్టున ఒకే చోట, రోజూ ఒకే వేళకు, మూడు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేయమనండి. డబ్ల్యూఏవీ ఫార్మాట్ పెట్టాలి, ఎంపీత్రీ ధ్వనిలో కొంత కోసేస్తుంది. పక్కనే తేదీ, వేళ, వాన, గాలి ఉష్ణోగ్రత రాయాలి. కప్ప ఒంటి వేడి పరిసరాలను బట్టి మారుతుంది, వెచ్చగా ఉంటే కూతల వేగం పెరుగుతుంది. ఉష్ణోగ్రత రాయకపోతే రెండు రాత్రుల కూతలను పోల్చలేం. కూత గట్టిదనాన్ని మాత్రం ఫోన్ రికార్డింగుతో కొలవొద్దు, ఫోన్ దాన్ని తనే సర్దేస్తుంది. టార్చి వేస్తే కప్పలు నోరు మూస్తాయి. లైటు ఆర్పి పది నిమిషాలు ఆగాలి. రికార్డింగులను కంప్యూటర్లో ఆడాసిటీ, రావెన్ లైట్ అనే ధ్వని సాఫ్ట్‌వేర్లలో తెరిచి చూడొచ్చు, రెండూ ఉచితమే.

వానాకాలం రాత్రి గట్ల మీద కట్లపాము, రక్తపింజరి తిరుగుతాయి. మోకాలి దాకా గమ్‌బూట్లు, తోడుగా పెద్దవాళ్లు లేకుండా పంపొద్దు. కప్పల్ని పట్టుకుని సీసాలో ఇంటికి తేవొద్దు. పరిశోధన కోసం పట్టాలన్నా, అమ్రాబాద్ అడవిలో పనిచేయాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. ఒక కుంట నుంచి ఇంకో కుంటకు వెళ్లేముందు బూట్లు కడిగి పూర్తిగా ఎండబెట్టాలి. కప్పల చర్మానికి సోకి చంపే కైట్రిడ్ అనే బూజు బురదతో పాటే పాకుతుంది.

ఒక వానాకాలం నోట్సు చేతికొచ్చాక, డిగ్రీలో ఉండగానే హైదరాబాద్ అత్తాపూర్‌లోని లాకోన్స్‌కు (సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వారి వన్యప్రాణి ప్రయోగశాల), జువలాజికల్ సర్వే కేంద్రానికి ప్రాజెక్టు కోసం రాయమనండి. ఉత్తరంలో 'నాకు జంతువులంటే ప్రేమ' అని రాస్తే లాభం లేదు. ఏ కుంట, ఎన్ని రాత్రులు, ఏం కొలిచింది, ఏ ప్రశ్న తేలలేదు అన్నది పది వాక్యాల్లో రాసి, నోట్సు పట్టిక జతచేయాలి.