సీరియస్ 'అయిండు', సీరియస్ 'అయింది'

సందేహం: మా అమ్మాయి ఇంగ్లిష్ వ్యాసంలో 'మై ఫాదర్ బికేమ్ సీరియస్ ఆన్ మీ' అని రాస్తే టీచర్ ఎర్ర సిరాతో కొట్టేశారు. ఇంట్ల రోజూ అనే మాటనే గదా, తప్పెట్లయితది? – ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: టీచర్ కొట్టేసింది సబబే. అలాగని మీరు ఇంట్లో అనడం మానుకోనక్కర్లేదు.

ఇంగ్లిష్‌లో సీరియస్ అంటే ముందుగా 'నవ్వులాట కాదు' అని. మనసుపెట్టి చదివే పిల్లవాడికీ, తేలిగ్గా తీసుకోరాని తప్పుకూ, ప్రమాదకరమైన గాయానికీ అదే మాట. కోపం మాత్రం అందులో లేదు. 'ఐ యామ్ సీరియస్' అంటే 'మజాక్ చేస్తలేను' అని. మీ అమ్మాయి 'గాట్ యాంగ్రీ విత్ మీ' అని రాయాల్సింది.

మనకు ఆ కోపం ఎక్కడిది? ఓరుగల్లు వైపు 'గరం అయిండు', 'నారాజ్ అయిండు' అనడం ఉన్నదే. రెండూ పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన విశేషణాలు. 'అయిండు' తగిలిస్తే పని జరిగిపోతుంది. సీరియస్‌నూ ఆ పీట మీదే కూర్చోబెట్టామని నా ఊహ. కోస్తాలోనూ 'సీరియస్ అయ్యాడు' అంటారు కనుక పట్టుబట్టను. నవ్వు మాయమైన మొహం ఎక్కడైనా కోపంగానే కనబడుతుంది మరి.

నాకు ముచ్చటేసేది ఇంకొకటి. 'మామ సీరియస్‌గ ఉన్నడు' అంటే కోపం. 'మామకు సీరియస్‌గ ఉన్నది' అంటే పానం మీదికొచ్చిందని. 'మామ సీరియస్ అయిండు', 'మామకు సీరియస్ అయింది' కూడా అంతే. ఒక్క 'కు' తేడాతో ఇంటి గొడవ దవాఖానకు చేరింది! ఇంగ్లిష్‌కు లేని ఈ ఏర్పాటు మన విభక్తి చేసిపెట్టింది. 'ఆయనకు బాగలేదు' అనే అలవాటు ఉండనే ఉంది.

అచ్చులో రాయాలంటే జబ్బుకు 'విషమం' ఉంది. అందులో విషమేమీ లేదు. వి, సమ కలిసిన మాట, సమంగా లేనిదని అర్థం. మొహానికి 'గంభీరం' సరిపోతుంది. దాని అసలు అర్థం లోతు. కోపానికి కోపమే చాలు.

చిక్కంతా పత్రికల శీర్షికలతో. అక్కడ విభక్తీ ఉండదు, క్రియా ఉండదు. పరకాల బస్టాండులో ఒకసారి పేపరు తిరగేస్తూ 'కలెక్టర్ సీరియస్' అని పైకే చదివాను. పక్కనున్న ముసలమ్మ నడుం మీద చెయ్యి తీసి, 'అయ్యో, ఏ దవాఖాన్ల ఉన్నడు బిడ్డా?' అంది.