శామ్ మిల్స్ ఎవరు? అంత పొట్టివాడు అమెరికాలోని ప్రధాన ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎలా రాణించాడు?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో లైన్‌బ్యాకర్ డిఫెన్స్ ముందు వరుసకు వెనకే నిలబడి, బంతితో దూసుకొచ్చేవాణ్ణి పడగొట్టాలి. ఆజానుబాహుల పని అది. మిల్స్ ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలే. అందుకే డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, ఎవరూ తీసుకోలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ వద్దంది, కెనడాలో టొరంటో జట్టూ వద్దంది. న్యూజెర్సీలో ఒక హైస్కూల్లో పాఠాలు చెప్పుకున్నాడు.

1983లో యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే కొత్త లీగ్ మొదలైంది. అందులో ఫిలడెల్ఫియా స్టార్స్ కోచ్ జిమ్ మోరాకు అతని సత్తా తెలిసొచ్చింది. 1986లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌కి మారినప్పుడు మోరా అతణ్ణీ వెంట తీసుకెళ్లాడు. ఎత్తు తక్కువ కావడం ఒకరకంగా కలిసొచ్చిందనే నేనంటాను: కిందనుంచి దూరి కొడితే ఎంతటివాడైనా తూలాల్సిందే. మొత్తం ఐదుసార్లు ప్రో బౌల్‌కి, అంటే లీగ్‌లోని మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి, ఎంపికయ్యాడు.

1995లో మిల్స్ చేరిన కొత్త జట్టు కరోలినా పాంథర్స్‌కి మొదటి గెలుపు దక్కిన మ్యాచ్ చూడాలి. ప్రత్యర్థి న్యూయార్క్ జెట్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపించేవాడు) వేసిన చిన్న పాస్‌ను మిల్స్ మధ్యలోనే అందుకుని, 36 గజాలు పరుగెత్తి ప్రత్యర్థి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. అప్పటికి వయసు 36.

2003లో పాంథర్స్ లైన్‌బ్యాకర్ల కోచ్‌గా ఉండగా పేగు క్యాన్సర్ బయటపడింది. కీమో చేయించుకుంటూనే పనికి వచ్చాడు. ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్ ముందు ఆటగాళ్లతో అన్న ‘కీప్ పౌండింగ్’ (కొడుతూనే ఉండండి) ఇప్పటికీ ఆ జట్టు నినాదం. 2005లో, 45 ఏళ్లకే పోయాడు. ఆటలో మేటివాళ్లకు దక్కే గౌరవం, హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 2022లో గానీ ఇవ్వలేదు, అది మాత్రం అన్యాయమే.