చెత్తబిన్ గొడవకి అంబుడ్స్‌మన్ దాకా వెళ్ళొచ్చా? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నమస్తే మేడం. మా నాన్నగారు 1970ల్లో గుంటూరు నుంచి ఇంగ్లండ్ వచ్చిన డాక్టర్, ఇప్పుడు 83 ఏళ్ళు. స్ట్రోక్ వచ్చాక వాకర్ లేకుండా గుమ్మం దాటలేరు, అమ్మకేమో మోకాళ్ళు అరిగిపోయాయి. అందుకని కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ లాంటిది) వాళ్ళు అసిస్టెడ్ కలెక్షన్ ఒప్పుకున్నారు, అంటే చెత్తబండి వాళ్ళే ఇంటి పక్క సందులోకొచ్చి బిన్ తీస్కెళ్ళి, ఖాళీ చేసి, మళ్ళీ అక్కడే పెట్టాలి. పోయిన నవంబర్ నుంచి సగం వారాలు రావట్లేదు, వచ్చినా ఖాళీ బిన్ రోడ్డు పక్కనే వదిలేసి పోతున్నారు. నేనుండేది రెండు గంటల దూరం. ఫోన్ చేస్తే ప్రతిసారీ ఒక సారీ, ఒక రిఫరెన్స్ నంబర్, అంతే. మొన్న నాన్న ఒక చేత్తో వాకర్, ఇంకో చేత్తో బిన్ లాక్కుంటూ పడబోయారంట. అంబుడ్స్‌మన్‌కి రాస్తే వీళ్ళని నిలదీస్తారా? లాయర్‌ని పెట్టుకోవాలా? – ఒక పాఠకురాలు, ఇంగ్లండ్

జవాబు: లాయర్ అక్కర్లేదమ్మా, పైసా ఖర్చు కూడా లేదు. మనవాళ్ళకి అంబుడ్స్‌మన్ అంటే బ్యాంకు గొడవలే గుర్తొస్తాయి గానీ ఇంగ్లండ్‌లో కౌన్సిళ్ళ మీద ఫిర్యాదులకి 1974 చట్టంతోనే ఒక వ్యవస్థ పెట్టారు, ఇప్పుడు దాని పేరు లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్. స్కాట్లాండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లకి వేరే వాళ్ళున్నారు.

కానీ నేరుగా అక్కడికి పోతే వెనక్కి పంపేస్తారు, ముందు కౌన్సిల్‌కి ఫార్మల్‌గా కంప్లయింట్ ఇవ్వాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నేను ఒక కౌన్సిల్ కంప్లయింట్స్ టీమ్‌లో ఎనిమిదేళ్ళు కూర్చున్నా కాబట్టి చెప్తున్నా, మీరు చేసిన ఫోన్లన్నీ వాళ్ళ సిస్టమ్‌లో "మిస్డ్ బిన్ రిపోర్ట్" కింద పడతాయి తప్ప కంప్లయింట్ కింద పడవు, పాతిక సార్లు ఫోన్ చేసినా సరే. నోటిమాటలు నీటిమూటలు. ఈమెయిల్ పెట్టండి, మొదటి లైన్లోనే "ఇది ఫార్మల్ కంప్లయింట్, స్టేజ్ వన్" అని రాయండి. జవాబు నచ్చకపోతే స్టేజ్ టూ అడగండి. ఆఖరి లెటర్‌లో "ఇంకా అసంతృప్తి ఉంటే అంబుడ్స్‌మన్‌ని సంప్రదించండి" అనే లైన్ ఉంటుంది, అదే మీకు గేట్ పాస్. వాళ్ళు సాగదీస్తుంటే మామూలుగా 12 వారాలు చూసి, అప్పటికీ తేల్చకపోతే వెళ్ళిపోవచ్చు. సమస్య మీకు తెలిసిన దగ్గర్నుంచి 12 నెలల్లోపు అంబుడ్స్‌మన్ దగ్గరికి చేరాలి, అది మాత్రం మర్చిపోకండి, నవంబర్ నుంచి లెక్కేసుకోండి. నాన్నగారి తరఫున మీరే రాయొచ్చు, ఆయన ఒప్పుకున్నట్టు చూపిస్తే చాలు.

తర్వాత ఏం జరుగుద్దంటే, ముందు ఇది తీసుకోదగ్గ కేసేనా అని చూస్తారు. ఎప్పుడో ఒకట్రెండుసార్లు బిన్ తియ్యలేదంటే పట్టించుకోరు, అంత నష్టం లేదంటారు. మీది అలా కాదు, నడవలేని మనిషికి ఒప్పుకున్న సర్వీసు నెలల తరబడి చెయ్యట్లేదు. కేసు తీసుకుంటే ఇన్వెస్టిగేటర్ కౌన్సిల్ నుంచి రికార్డులు తెప్పించుకుంటారు, ఆ విషయంలో వాళ్ళకి హైకోర్టుకున్నంత అధికారం ఉంది. అడిగేవి రెండే: కౌన్సిల్ పనితీరులో తప్పుందా, దానివల్ల మీకు కష్టం కలిగిందా. నిర్ణయం డ్రాఫ్ట్ మీకూ కౌన్సిల్‌కీ పంపి అభిప్రాయం అడిగాకే ఫైనల్ చేస్తారు.

మరి మన చేతిలో ఏముండాలి? మా టీమ్‌కి ఒకసారి ఒక పెద్దాయన గోడ క్యాలెండర్ పేజీలు ఫొటో తీసి పంపాడు, చెత్తబండి రోజుల్లో వచ్చినప్పుడు టిక్కు, రానప్పుడు ఎర్ర ఇంకు సున్నా, పక్కనే రిఫరెన్స్ నంబర్. అది చూశాక మా మేనేజర్ ఇంకో మాట మాట్లాడలా. అమ్మగారికి చెప్పి అలాంటిది ఇవాళే మొదలెట్టించండి, నాన్న పడబోయిన రోజు తేదీతో సహా.

నిలదీస్తారా అన్నారు, ఆ ఆశ పెట్టుకోకండి. ఉద్యోగాలు పీకడం, జరిమానాలెయ్యడం ఉండదు. క్షమాపణ, ఓ వంద రెండొందల పౌండ్ల లాంటి చిన్న మొత్తం, అన్నిటికన్నా ముఖ్యంగా కొన్ని వారాలపాటు మీ ఇంటి కలెక్షన్ మీద సూపర్‌వైజర్ నిఘా. చట్టప్రకారం కౌన్సిల్ ఈ సిఫారసులు పాటించి తీరాలని లేదు గానీ దాదాపు అందరూ పాటిస్తారు, ఎందుకంటే నిర్ణయాలు మీ పేరు లేకుండా వెబ్‌సైట్‌లో పెడతారు, కౌన్సిల్ పేరు మాత్రం ఉంటుంది. పరువు పోతుంది కదా!

ప్రశ్న: పక్కింటివాళ్ళు రెండంతస్తుల ఎక్స్‌టెన్షన్ కడుతున్నారు, మా కిచెన్‌కి ఎండ పోతుంది. మేం అభ్యంతరం రాసినా కౌన్సిల్ పర్మిషన్ ఇచ్చేసింది. అంబుడ్స్‌మన్ రద్దు చేస్తారా? – ఒక పాఠకుడు

జవాబు: చెయ్యరండి. పర్మిషన్ రాకపోతే అప్లై చేసినవాళ్ళకి అప్పీల్ ఉంది గానీ పక్కింటివాళ్ళకి లేదు, అందుకే ఇలాంటి కేసులు అంబుడ్స్‌మన్ దగ్గరికి బాగా వెళ్తాయి. అయితే నిర్ణయం మీకు నచ్చలేదన్నది వాళ్ళకి అనవసరం. ఆ అప్లికేషన్ మీద కౌన్సిల్ అధికారి రాసిన ఆఫీసర్ రిపోర్ట్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, అది తీసి మీ కిచెన్ వెలుతురు గురించి ఒక్క ముక్కైనా రాశారేమో చూడండి. రాసి, ఆలోచించి, ఫర్వాలేదనుకుంటే కేసు లేనట్టే. అసలు ప్రస్తావనే లేకపోతే తప్పు దొరికినట్టు. అప్పుడు కూడా, ఆ తప్పు జరగకపోయినా పర్మిషన్ వచ్చేదేనా అని చూస్తారు, వచ్చేదే అనిపిస్తే సారీతో సరి. కటువుగా ఉంది గానీ ముందే తెలిస్తే మంచిది.

ప్రశ్న: కౌన్సిల్ పార్కింగ్ ఫైన్ అన్యాయంగా వేసింది, అంబుడ్స్‌మన్‌కి పంపనా?

జవాబు: వద్దు, దానికి ట్రిబ్యునల్ ఉంది. లండన్ అయితే లండన్ ట్రిబ్యునల్స్, ఇంగ్లండ్‌లో మిగతాచోట్ల ట్రాఫిక్ పెనాల్టీ ట్రిబ్యునల్. గడువులు చిన్నవి, ఇవాళే నోటీసు వెనకవైపు చదవండి.