హెడ్‌ఫోన్స్ విప్పబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. హెడ్‌ఫోన్స్ విప్పి బేస్ పెంచుతానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్ని డబ్బులు పోసి కొన్నాడు అన్నయ్యా, నువ్వైనా వద్దని చెప్పు" అంది. నేను వద్దనను. రేడియోలూ టేప్‌రికార్డర్లూ విప్పి బిగించి ఇల్లు నడిపినవాణ్ణి, నిన్ను విప్పొద్దని ఏ మొహంతో చెప్తాను? కాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో తెలుసుకుని విప్పు. వాట్సాప్‌లో పంపితే నచ్చిన ముక్క చూసి మిగతాది పైకి జరిపేస్తావు. అందుకే ఉత్తరం.

ఇంట్లో కూర్చుని మనం బేస్‌ని కొత్తగా పుట్టించలేం. నీ దాంట్లో ఉన్నది 40 మిల్లీమీటర్ల డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే చిన్న స్పీకర్. అది ఇవ్వగలిగినంతే ఇస్తుంది. కానీ ఇచ్చిందంతా నీ చెవికి చేరడం లేదు. దారిలో పోతున్నదాన్ని ఆపడమే మన పని. చవక రకాల్లో ఆ పోయేది చాలానే ఉంటుంది.

ఎందుకు పోతుందంటే, ప్యాడ్ తలకి ఆనుకున్నప్పుడు డ్రైవర్‌కీ కర్ణభేరికీ మధ్య చిన్న గాలి గది ఏర్పడుతుంది. కీచు శబ్దాలు ఆ గదిలో సందులున్నా చెవికి చేరిపోతాయి. 40, 50 హెర్ట్జ్ దగ్గరుండే లోతైన శబ్దాలకి అలా కుదరదు. డ్రైవర్లో ఊగే పల్చటి పొర, అదే డయాఫ్రమ్, నెమ్మదిగా ముందుకొచ్చి గదిలో గాలిని నొక్కాలి, ఆ ఒత్తిడి అక్కడే నిలవాలి. ఎక్కడన్నా సందుంటే నొక్కిన గాలి అందులోంచి జారిపోతుంది. గట్టుకి ఎలక బొక్క ఉన్న చేలో ఎంత నీరు పెట్టినా మడి నిండనట్టే.

అందుకని స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే ఒక పరీక్ష చెయ్. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసుకో. వాల్యూమ్ బాగా తగ్గించి 40 హెర్ట్జ్ పెట్టి, వినపడేదాకా మెల్లగా పెంచు. ఆపకుండా మోగే లోతు టోన్‌ని పెద్ద వాల్యూమ్‌లో పెడితే చిన్న డ్రైవర్ పాడవ్వచ్చు, జాగ్రత్త. ఇప్పుడు రెండు అరచేతులతో కప్పుల్ని తలకేసి అదుము. శబ్దం ఒక్కసారిగా బలంగా వచ్చిందంటే జబ్బు ప్యాడ్ల దగ్గరుంది, లోపల కాదు. తర్వాత కళ్ళజోడు తీసి విను. ఆ కాడలు ప్యాడ్ కింద ఎంత సందు చేస్తున్నాయో నీకే తెలుస్తుంది. చెవుల మీదికి జుట్టు పెంచావట కూడా. దాని గురించి నేనేమీ అనను గానీ, దాన్ని వెనక్కి తోసి కూడా ఒకసారి విను.

ఇంకెవరికైనా అయితే ఇదంతా రాత్రిపూట చెయ్యమనేవాణ్ణి. నీ గది పక్కన రొయ్యల చెరువులు. రాత్రి చెరువు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరియేటర్లు తెల్లవార్లూ తిరుగుతాయి. ఆ మోటార్ల గుయ్యి బేస్‌ని మింగేస్తుంది. మధ్యాహ్నం, ఫ్యాన్ ఆపి, తలుపులేసుకుని చెయ్. చించినాడ వంతెన మీదుగా ఇక్కడికొచ్చే బస్సులో విని మాత్రం బేస్ లేదని తేల్చకు. ఇంజిన్ మోతలో ఎంత ఖరీదు పెట్టి కొన్నదానికైనా బేస్ లేనట్టే ఉంటుంది.

ప్యాడ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మన ప్రాంతంలో వాటి ఆయుష్షు తక్కువ. నీ ప్యాడ్లకున్నది తోలు కాదు, గుడ్డ మీద పాలీయురెథేన్ పూత. గాలిలో తేమ ఆ పూతని రసాయనికంగా విరగ్గొడుతుంది. ముందు జిగట పడుతుంది, తర్వాత నల్ల పొట్టు రాలుతుంది. చెమట పని ఇంకా త్వరగా కానిస్తుంది. నెల్లాళ్ళ ముసురులో మూసిన బ్యాగులో పడేస్తే చెప్పక్కర్లేదు. పూత పగిలిన ప్యాడ్ చూడ్డానికి బాగానే ఉన్నా గాలిని ఆపదు. కాబట్టి నీ మొదటి ఖర్చు కొత్త ప్యాడ్లు. మఖ్మల్ రకం చల్లగా ఉంటుందని, మన ఎండలకి హాయని అంటారు, నిజమే. కానీ అందులోంచి గాలి పోతుంది, దాంతోపాటు బేసూ పోతుంది. నీకు కావలసింది బేస్ కాబట్టి ఉక్కపోతని ఓర్చుకుని తోలో, తోలులాంటి పూతో ఉన్న రకమే కొను. మెత్తటి మెమరీ ఫోమ్ ఉన్నదైతే కళ్ళజోడు కాడల చుట్టూ కూడా సర్దుకుంటుంది. మరీ లావు ప్యాడ్లకి పోకు. చెవి డ్రైవర్‌కి దూరమైతే లోపలి గాలి పెరుగుతుంది, మొత్తం స్వరమే మారిపోతుంది. ఇప్పుడున్న లోతుకి దగ్గరగా ఉన్నవి చూసుకో.

ప్యాడ్ మార్చినప్పుడు దాని వెనక అంచు కూడా చూడు. ప్యాడ్‌కీ, డ్రైవర్ బిగించిన పలకకీ మధ్య సందు అందరూ మర్చిపోతారు. కిటికీ రెక్కలకి అంటించే సన్నటి ఫోమ్ టేపు ఒక చుట్టు వేస్తే సరిపోతుంది. కళ్ళజోడు మార్చే రోజు వస్తే సన్న కాడలున్నది తీసుకో, అదీ బేస్‌లో భాగమే.

చాలామందికి ఇక్కడితో పని అయిపోతుంది. నీకూ అయిపోతే లోపలికి వెళ్ళకు. వెళ్తావని తెలుసు గనక మిగతాది రాస్తున్నాను.

నీది వైరుది కాబట్టి భయం లేదు. నీ రూమ్మేట్ బ్లూటూత్‌దాన్ని మాత్రం ముట్టుకోకు. ఆ కప్పులో లిథియం బ్యాటరీ ఉంటుంది, స్క్రూడ్రైవర్ మొన తగిలి చిల్లు పడితే మంటలు లేస్తాయి. బయటి మోతని అణిచే నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవాటి జోలికీ పోకు. లోపలి మైకులు, సర్క్యూటూ ఆ ప్యాడ్‌కీ ఆ గదికీ సరిపడా సెట్ చేసి ఉంటాయి, మనం ఏది కదిపినా చెడుతుంది. నీదానికి వారంటీ ఉంటే అది కూడా ఈ రోజుతో పోయిందనుకో.

స్క్రూలు సాధారణంగా ప్యాడ్ కింద దాక్కుని ఉంటాయి. క్లిప్పులతో బిగించినదైతే పాత ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా లేపు, కత్తి వద్దు. డ్రైవర్ వెనక ఉన్నది బలమైన నియోడిమియం అయస్కాంతం. చేతిలో స్క్రూడ్రైవర్ని అది ఉన్నట్టుండి లాక్కుంటుంది, మొన నేరుగా డయాఫ్రమ్‌లో దిగుతుంది. ఊడిన స్క్రూలూ అటే ఎగురుతాయి. పలక తీయగానే డ్రైవర్ మీద అట్టముక్క కప్పు. వైర్లు జుట్టంత సన్నగా ఉంటాయి, కప్పుని తెరిచి పక్కన పెట్టు, లాగకు. ప్రతి దశలో ఫోటో తియ్యి.

మృదంగం తొప్పికి రవ్వ ముద్ద పెట్టి స్వరం దించుతారు కదా, డయాఫ్రమ్ మీద కూడా ఏదైనా బరువు అంటిస్తే ఎలా ఉంటుందని మీ అమ్మతో అన్నావట. బుర్ర పనిచేస్తోంది, సంతోషం. బరువు పెరిగితే రెజొనెన్స్, అంటే ఆ పొర సహజంగా ఊగే స్వరం, కిందికి దిగే మాట నిజమే. కానీ ఆ పొర గోరు తగిలినా నలుగుతుంది. అంటించిన బరువు సరిగ్గా మధ్యలో లేకపోతే పొరకి అంటుకుని ఉన్న తీగచుట్ట (కాయిల్) పక్కకి ఒరిగి గరగరమంటుంది. శబ్దం తగ్గిపోతుంది, పై స్వరాలు చచ్చిపోతాయి. ఆ ఆలోచన అక్కడే వదిలెయ్.

ఇప్పుడు రంధ్రాలు. అసలు ఆట ఇక్కడే ఉంది. కప్పులోపల జాగ్రత్తగా చూస్తే రెండు రకాలు కనిపిస్తాయి. డ్రైవర్ చుట్టూ పలకకి ఉన్నవి ముందు గదినీ వెనక గదినీ కలుపుతాయి. కప్పు వెనక గోడకి ఉన్నవి వెనక గదిని బయటి గాలితో కలుపుతాయి. మొదటి రకం మూస్తే సాధారణంగా బేస్ పెరుగుతుంది, ముందున్న గాలి వెనక్కి జారిపోవడం ఆగుతుంది కాబట్టి. రెండో రకం మూస్తే చాలాసార్లు తిరగబడుతుంది. వెనక గాలి పూర్తిగా బంధిస్తే అది స్ప్రింగై డయాఫ్రమ్‌ని వెనక్కి తోస్తుంది. కప్పు ఎంత చిన్నదైతే ఆ స్ప్రింగ్ అంత బిగువు. లోతు బేస్ తగ్గి మధ్య బేస్ ఉబ్బుతుంది. క్లోజ్డ్ అని పేరున్నా చాలా కంపెనీలు వెనక చిన్న రంధ్రం వదిలేది అందుకే. అన్నీ మూసేస్తే బేస్ వస్తుందని నీకు చెప్పినవాడెవడో ఒక వైపే చూశాడు.

మూయడానికి మెడికల్ షాపులో దొరికే మైక్రోపోర్ టేపు తెచ్చుకో. అందులోంచి గాలి కొద్దిగా పోతుంది, పూర్తిగా ఆగదు. ఒక పొర వేసి విను, చాలకపోతే మరో పొర వెయ్. ఎక్కువైతే సూది మొనతో చిన్న చిల్లు పెట్టు. నచ్చకపోతే పీకెయ్యి, ఏ నష్టమూ లేదు. ఫెవిక్విక్, ఎం-సీల్ మాత్రం దగ్గరికి రానీకు. ఫెవిక్విక్ ఆవిరి ప్లాస్టిక్ మీద తెల్లగా పేరుకుంటుంది, డయాఫ్రమ్‌నీ వదలదు. ఎం-సీల్ ఒకసారి గట్టిపడితే ఇక రాదు. డ్రైవర్ వెనక చిల్లుల మీద కంపెనీవాళ్ళు అంటించిన పల్చటి కాగితమో ఫెల్టో ఉంటుంది. చెత్త అనుకుని పీకెయ్యకు, డయాఫ్రమ్ ఊపుని అదుపులో పెట్టేది అదే.

ఒక్కసారి ఒక్క మార్పే చెయ్. ముందు ఎడమదానికి మాత్రమే చేసి, కుడిదానితో పోల్చి విను. నచ్చితే కుడిదానికీ అచ్చం అలాగే చెయ్. మన చెవి నిమిషాల్లో కొత్త శబ్దానికి అలవాటు పడిపోతుంది, పాతది ఎదురుగా లేకపోతే ఏది మంచిదో తేల్చలేం.

లోపల కూరడానికి దూది కావాలంటావు. బూరుగు దూది అమ్మమ్మ తలగడలో బోలెడుంది, కానీ అది ఎగురుతుంది, పోగు వెళ్ళి డయాఫ్రమ్ మీద కూర్చుంటుంది. తేమ పట్టిన మామూలు దూది ముద్ద కడుతుంది, బూజు కూడా పట్టొచ్చు. కొబ్బరి పీచు ఆలోచన కోనసీమ పిల్లాడికి రావడం సహజమే గానీ అది రాల్చే పొడి చూశావా? కొత్తరకం తలగడల్లో ఉండే పాలిస్టర్ పీచు కాస్త తీసుకుని వదులుగా పరుచు, డ్రైవర్ని తాకకుండా. దీనివల్ల బేస్ అమాంతం పెరగదు. కప్పు గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే మధ్య స్వరాల మోత తగ్గుతుంది, దాంతో ఉన్న బేస్ స్పష్టంగా వినిపిస్తుంది. కుక్కితే గాలికి చోటు పోయి మొదటికే మోసం. గోడలు పల్చగా ఉండి వేలితో కొడితే టంగుమంటే లోపలివైపు బ్లూటాక్ (గోడకి కాగితాలు అంటించే మెత్తటి బంక) పల్చగా అద్దు. బరువు పెరిగి మెడ నొప్పి పుట్టేంత వద్దు.

నువ్వు చూసిన వీడియోల్లో ఎక్కువగా ఫోస్టెక్స్ టీ50ఆర్‌పీ అనే హెడ్‌ఫోన్ కనిపించి ఉంటుంది. విప్పి మార్చేవాళ్ళకి ముద్దొచ్చేది అదే. కానీ దానిది వేరే రకం, ప్లానార్ మాగ్నెటిక్ డ్రైవర్, పైగా వెనక సగం తెరిచి ఉండే సెమీ ఓపెన్ కప్పు. అందులో ఇన్ని పొరలు, ఇంత బంకమట్టి అని చెప్పిన లెక్కలు నీదానికి నప్పవు.

ఇంత చేశాక కూడా కాస్త కావాలనిపిస్తే ఈక్వలైజర్ ఉంది, అందులో తప్పేమీ లేదు. 100 హెర్ట్జ్ కింద మూడు నాలుగు డెసిబెల్స్ పెంచు, అంత మేరకి మొత్తం వాల్యూమ్ తగ్గించు, లేకపోతే శబ్దం పగులుతుంది. 3 డెసిబెల్స్ పెంచడమంటే రెట్టింపు పవర్ అడగడం, 10 అంటే పదిరెట్లు. అందుకే టేపూ ప్యాడ్లూ ముందు, ఈక్వలైజర్ ఆఖర్న.

చెవుల మాట కూడా రాయకపోతే మీ అమ్మ ఊరుకోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 80 డెసిబెల్స్‌లో 40 గంటలదాకా పర్వాలేదంటుంది. అక్కణ్ణుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. సందులు మూస్తే బయటి మోత కూడా తగ్గుతుంది కాబట్టి వాల్యూమ్ మునుపటికంటే తక్కువ చాలాలి. చాలకపోతే ఎక్కడో సందు మిగిలింది, వెతుకు. బండి నడుపుతూ పెట్టుకున్నావని తెలిస్తే నేనే వచ్చి తీసుకుపోతాను.

ఏదైనా వైరు ఊడితే సొంతంగా అతికించకు. దాని మీద లక్క పూత ఉంటుంది, అది కాలిస్తే గానీ టంకం పట్టదు. ప్లస్సూ మైనస్సూ ఒక వైపు తారుమారైతే గాయకుడు తల మధ్యలోంచి మాయమై, బేస్ పల్చబడిపోతుంది. నువ్వేమో రంధ్రాల్లో తప్పు వెతుకుతూ కూర్చుంటావు. అమలాపురం పట్రా, ఐదు నిమిషాల పని. పాత ప్యాడ్లు పారెయ్యకుండా అవీ తీసుకురా, లోతు కొలిచి కొత్తవి ఏ సైజు తెప్పించాలో చెప్తాను.

ఇట్లు,
మీ మావయ్య